హ్యాక్నీ డైమండ్స్: డ్రమ్ముల దగ్గర చెవి పెట్టి వినండి

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయి అడిగాడు. ఇంగ్లండు రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ వాళ్లు 2023లో, 18 ఏళ్ల తర్వాత సొంత పాటలతో 'హ్యాక్నీ డైమండ్స్' అనే ఆల్బమ్ తెచ్చారు, పాడేవాడికి అప్పటికి 80 ఏళ్లు, కొందరు ఆహా అంటున్నారు, కొందరు పాత పేరు అమ్ముకుంటున్నారు అంటున్నారు, అసలు ఇందులో సరుకు ఉందా? రెండోది, వాళ్ల నాన్నగారి క్యాసెట్ల పెట్టెలో ఈ బ్యాండువి రెండు దొరికాయట. వాటితో మొదలుపెట్టాలా, కొత్తదానితోనా?

సరుకు ఉంది బాబూ. 12 పాటల్లో నాలుగు గట్టివి. ఓ నాలుగైదు బాగానే ఉంటాయి. మిగతావి పెళ్లి భోజనంలో అప్పడం లాంటివి, విస్తట్లో వేస్తే తింటాం, వెయ్యకపోతే అడగం. ఈ లెక్క చెప్పి ఊరుకుంటే మాత్రం మీకు పెద్దగా ఉపయోగం లేదు. ముసలి బ్యాండు కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడు అందరూ గొంతు దగ్గర చెవి పెడతారు. "ఈ వయసులో ఇలా పాడాడు చూడు" అని ఆశ్చర్యపోయి అక్కడే ఆగిపోతారు. మీరు డ్రమ్ముల దగ్గర పెట్టండి. బ్యాండు బతికుందో, బొమ్మ పెట్టి పూజ చేస్తున్నారో అక్కడ తెలిసిపోతుంది.

ఇది చెప్పడానికి నువ్వెవరివయ్యా అంటారేమో. 1986 నుంచి 2009 దాకా విజయనగరంలో ఒక ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించాను. పగలు క్యాసెట్ రికార్డింగ్ షాపు, రాత్రి ప్రోగ్రాము. పెళ్లిళ్లు, అమ్మవారి పండగలు, చవితి పందిళ్లు, ఇటు ఎస్.కోట నుంచి అటు పలాస దాకా వ్యానులో తిరిగాం. స్టేజీ మీద వాయించిందంతా సినిమా పాటలే. స్టోన్స్ పాట జనం ముందు వాయించింది ఒకే ఒక్కసారి, బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో. సింగర్ రావడం ఆలస్యమైతే ఊరుకోలేక మొదలుపెట్టాం. పాట మొత్తం అయ్యాక ముందు వరసలో కూర్చున్న పెద్దాయన "ఏటి బాబూ, ఇంకా సెట్టింగేనా?" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ధైర్యం చెయ్యలేదు.

ఇక ఆల్బమ్ సంగతి. 2005లో 'ఎ బిగ్గర్ బ్యాంగ్' వచ్చాక వీళ్లు సొంత పాటలతో ఆల్బమ్ చెయ్యలేదు. మధ్యలో 2016లో 'బ్లూ అండ్ లోన్‌సమ్' వచ్చింది, అందులో ఉన్నవన్నీ వేరేవాళ్లవి, అమెరికా నల్లజాతివాళ్ల పాత బ్లూస్ పాటలే, మూడు రోజుల్లో రికార్డు చేసేశారు. కొత్త పాటలు మాత్రం సగం సగం రాసి పక్కన పడేస్తూ వచ్చారు. టూర్లు నడుస్తున్నాయి, డబ్బులు వస్తున్నాయి, జనం పాత పాటలే అడుగుతున్నారు, ఇక తొందర ఎవరికి? చివరికి 2022 చివర్లో పాడేవాడు మిక్ జాగర్ పట్టుబట్టాడు. క్రిస్మస్‌కి స్టూడియోలో ఉండాలి, ప్రేమికుల రోజుకి, అంటే 2023 ఫిబ్రవరి 14కి, పని తేలిపోవాలి అని గడువు పెట్టాడు. మన దగ్గర ముహూర్తం పెట్టకపోతే పెళ్లిపనులు కదలవు చూడండి, అలాగన్నమాట.

నిర్మాతగా ఆండ్రూ వాట్ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. పుట్టింది 1990లో. అతను పుట్టేనాటికి వీళ్లు బ్యాండు పెట్టి 28 ఏళ్లు. స్టూడియోకి రోజుకో స్టోన్స్ టీషర్టు వేసుకొచ్చేవాడని చెప్పుకుంటారు. అంత అభిమాని నిర్మాత అయితే సాధారణంగా ప్రమాదం, ఏది చేసినా దణ్ణం పెడతాడు. ఇతను అలా చెయ్యలేదు, మంచిదే. మూడు పాటలకి రచనలో కూడా జాగర్, గిటారిస్టు కీత్ రిచర్డ్స్ పేర్ల పక్కన ఇతని పేరు ఉంది. 2023 అక్టోబర్ 20న ఆల్బమ్ విడుదలైంది. ఇక్కడ దసరా నవరాత్రులు నడుస్తున్నాయి, మా వీధి పందిట్లో మైకు హోరులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొదటిసారి విన్నాను. 2025లో అమెరికావాళ్ల సంగీత అవార్డు గ్రామీ కూడా, బెస్ట్ రాక్ ఆల్బమ్‌గా, వచ్చింది. గ్రామీని మరీ లెక్కలోకి తీసుకోకండి, పెద్దవాళ్లకి సన్మానం చెయ్యడం వాళ్లకీ సరదాయే.

పేరు గురించి ఒక మాట. హ్యాక్నీ లండన్‌లో ఒక పేట. అక్కడ కారు అద్దాలో షాపు అద్దాలో పగలగొట్టి దొంగతనం చేస్తే రోడ్డు మీద మెరుస్తూ పడి ఉండే గాజు పెంకుల్ని 'హ్యాక్నీ వజ్రాలు' అంటారట. పేరు నాకు భలే నచ్చింది.

ఇప్పుడు డ్రమ్ములు.

ఈ బ్యాండుకి 1963 నుంచి డ్రమ్ములు వాయించినవాడు చార్లీ వాట్స్. 2021 ఆగస్టు 24న, 80 ఏళ్ల వయసులో పోయాడు. మనిషి జాజ్ పిచ్చోడు, రాక్ అంటే పెద్ద మోజు లేదు. తోటి డ్రమ్మర్లు చుట్టూ కోట కట్టినట్టు డజను డ్రమ్ములు పెట్టుకుంటే, ఈయన 1950ల నాటి చిన్న గ్రెచ్ సెట్టుతో జీవితంలో చాలా భాగం నడిపేశాడు. ఆయన దగ్గర ఒక అలవాటు ఉంది, యూట్యూబ్‌లో ఏ లైవ్ వీడియో తీసినా కనిపిస్తుంది. మామూలు డ్రమ్మరు కుడిచేత్తో హై-హ్యాట్ మీద, అంటే ఒకదాని మీద ఒకటి బోర్లించిన తాళాల జత మీద, వరసగా దెబ్బలు వేస్తూ, ఎడంచేత్తో రెండో లెక్కకీ నాలుగో లెక్కకీ స్నేర్, అంటే ముందుండే చురుకు డ్రమ్ము, కొడతాడు. కుడిచెయ్యి ఆగదు. చార్లీ మాత్రం స్నేర్ కొట్టే ప్రతిసారీ కుడిచేతిని హై-హ్యాట్ మీంచి పైకి ఎత్తేస్తాడు. ఆ ఒక్క క్షణం తాళాలు మోగవు, స్నేర్ దెబ్బ ఒంటరిగా వినబడుతుంది. దాని చుట్టూ కాస్త గాలి ఆడుతుంది. స్టోన్స్ పాట వినగానే ఒళ్లు ఊగుతుంది కానీ ఎందుకు ఊగుతుందో చెప్పలేం. కారణాల్లో సగం ఈ ఎత్తిన చెయ్యే.

రెండో సగం ఇంకా విచిత్రం. ఏ బ్యాండులోనైనా డ్రమ్మరు ముందు, మిగతావాళ్లు వెనక. వీళ్ల దగ్గర కీత్ రిచర్డ్స్ గిటార్ ముందు, చార్లీ దాన్ని అనుసరిస్తాడు. ఈ సంగతి వాళ్ల దగ్గర పూర్వం బేస్, అంటే లావు శబ్దం పలికే గిటార్, వాయించిన బిల్ వైమన్ కూడా చెప్పాడు. గిటార్ పడ్డాక వెంట్రుకవాసి ఆలస్యంగా డ్రమ్ము పడుతుంది. ఇది తప్పు కాదా అంటారా? మనవైపు తప్పెటగుళ్ళు దగ్గర నిలబడి చూడండి. గురువు అడుగు పడుతుంది, గజ్జె మోగుతుంది, ఆ వెంటనే రేకు తప్పెట మీద చేతులు పడతాయి. అడుగూ చెయ్యీ సరిగ్గా ఒకే క్షణంలో పడితే అది స్కూలు పిల్లల డ్రిల్లు. ఆ కాస్త సందులోనే గంతు ఉంటుంది. మా విజయనగరం సంగీత కళాశాలకి 1919లో మొదటి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆదిభట్ల నారాయణదాసుగారు రెండు చేతులతో, రెండు కాళ్లతో వేర్వేరు తాళాలు వేస్తూ పాడేవారని ప్రతీతి. లయ అంటే గడియారం ముల్లు కాదని ఈ ఊరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మరి అలాంటి మనిషి లేచిపోయాక ఆ పీట మీద ఎవర్ని కూర్చోబెట్టాలి? స్టీవ్ జోర్డన్‌ని కూర్చోబెట్టారు. కీత్ 1988లో చేసిన సొంత ఆల్బమ్‌లో డ్రమ్ములు ఇతనే, కీత్‌తో కలిసి పాటలు కూడా రాశాడు. 2021లో ఆరోగ్యం బాగోక టూరు నుంచి తప్పుకున్నప్పుడు చార్లీయే ఇతని పేరు చెప్పాడు. జోర్డన్ చార్లీలా వాయించడు. అతని దెబ్బ బరువు, స్నేర్ గట్టిగా ముందుకు తోస్తుంది. మొదటి పాట 'యాంగ్రీ' వినండి, ఆ తోపు మొదటి పది సెకన్లలోనే తెలుస్తుంది. చార్లీ అయితే కుర్చీలో వెనక్కి వాలి వాయించేవాడు, ఇతను ముందుకు వంగి వాయిస్తున్నాడు అనిపిస్తుంది. పాత అభిమానులు కొందరు దీన్ని తప్పుపట్టారు. నేను మాత్రం ఆ పీట మీద కూర్చున్నవాడు చెయ్యాల్సిన పని సరిగ్గా అదే అంటాను. ఎందుకు అంటానో నా సొంత అనుభవం చెబితే గానీ అర్థం కాదు.

మా ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్, కాంగో వాయించే ఆయన ఉండేవాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద, అందరం మాస్టారూ అనేవాళ్లం. ఆయనా 2021లోనే పోయాడు. రెండేళ్ల తర్వాత ఒక కాలనీ వాళ్లు పాత ఆర్కెస్ట్రాని మళ్లీ కలపండి, నవరాత్రుల్లో ఒక్క రోజు ప్రోగ్రాం చెయ్యండి అని అడిగారు. నలుగురం పోగయ్యాం. నాకు ఉంగరం వేలు సరిగ్గా వంగడం లేదు, కీబోర్డు ఆయనకి కళ్లజోడు లేకపోతే మీటలు కనబడవు. ప్యాడ్‌కి చీపురుపల్లి నుంచి ఒక కుర్రాణ్ణి పిలిచాం. మంచివాడు, పాపం ఎంతో శ్రద్ధ. మాస్టారి పాత రికార్డింగులు నా దగ్గర ఉంటే తీసుకెళ్లి వారం రోజులు విని, ఆయన వేసే బిట్లన్నీ అచ్చంగా దింపేశాడు. రిహార్సల్‌లో మొదటి పాట వాయించాం. ఒక్క తప్పు లేదు. అయినా పాట కదల్లేదు. మాస్టారు ఎక్కడ ఆగేవాడో అక్కడ ఆగుతున్నాడు, ఎందుకు ఆగేవాడో ఆ కుర్రాడికి తెలియదు. మాస్టారు ఆగేది నా వేలు తీగ మారే టైం ఇవ్వడానికి. ఇప్పుడు నా వేలికి ఇంకా ఎక్కువ టైం కావాలి. పాత లెక్క ప్రకారం ఆగితే నాకు సరిపోవడం లేదు, మిగతావాళ్లకి ఎక్కువైపోతోంది. కీబోర్డు ఆయన "ఇదేదో తద్దినం భోజనంలా ఉంది బావా, అన్నీ ఉన్నాయి, తినాలని లేదు" అన్నాడు.

చివరికి ఆ కుర్రాడికి చెప్పాను. తమ్ముడూ, మాస్టార్ని పక్కన పెట్టెయ్, నా కాలు చూసి నీకు తోచింది కొట్టు అని. నెమ్మదిగా కుదిరింది. వాడి చెయ్యి కొంచెం దూకుడు, మాకు ఆయాసం వచ్చింది, కానీ పాట లేచి నిలబడింది. ప్రోగ్రాం రోజున మైక్‌సెట్ వాళ్లు ఎకో పెంచేసి మొత్తం బూరెల పాకం చేశారనుకోండి, అది వేరే కథ.

అందుకే ఈ ఆల్బమ్‌లో నాకు మొదట నచ్చింది ఇది: వీళ్లు చార్లీ బొమ్మ చేసి కూర్చోబెట్టలేదు. కుర్రాణ్ణి (కుర్రాడంటే జోర్డన్‌కి అప్పటికి 66) తన చేత్తో వాయించుకోనిచ్చారు. చార్లీని కూడా వదిలిపెట్టలేదు, అతను పోకముందు రికార్డు చేసి పెట్టిన రెండు పాటలు, 'మెస్ ఇట్ అప్', 'లివ్ బై ది స్వోర్డ్', ఇందులోనే ఉన్నాయి. ఈ రెండూ ఆల్బమ్ మధ్యలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మీకు ఒక పరీక్ష. ముందుగా 'డ్రైవింగ్ మీ టూ హార్డ్' వినండి, అందులో జోర్డన్. వెంటనే 'లివ్ బై ది స్వోర్డ్' పెట్టండి. స్నేర్ దెబ్బ మీదే మనసు పెట్టండి. రెండు నిమిషాల్లో తేడా దొరక్కపోతే ఇయర్‌ఫోన్లు మార్చండి.

'లివ్ బై ది స్వోర్డ్'లో ఇంకో మురిపెం ఉంది. 1993లో బ్యాండు వదిలి వెళ్లిపోయిన బిల్ వైమన్, 1936లో పుట్టిన మనిషి, వచ్చి బేస్ వాయించాడు. పియానో మీద ఎల్టన్ జాన్. అంటే పోయిన డ్రమ్మరు, మానేసిన బేసిస్టు, ఉన్న ముగ్గురు, అందరూ ఒక్క పాటలో కలిశారు. పాటగా చూస్తే అదేమంత గొప్పది కాదు, నిజం చెప్పాలి. కానీ ఆ బేసూ ఆ డ్రమ్మూ కలిసి నడిచే నడక ఉందే, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు అరవై దాటాక చెరువు గట్టు మీద మాట్లాడుకోకుండా నడుస్తారు చూడండి, అలా ఉంటుంది.

అతిథుల గురించి మీ స్నేహితులు ఎక్కువ చెప్పి ఉంటారు. 'బైట్ మై హెడ్ ఆఫ్'లో బీటిల్స్ పాల్ మెకార్ట్నీ బేస్ వాయించాడు. జాగర్ పాట మధ్యలో పాల్ అని పేరు పెట్టి పిలుస్తాడు, బేస్ బొంగురుగా గుర్రుమంటుంది. 1963లో వీళ్లకి హిట్టు కావాల్సి వచ్చినప్పుడు పాట రాసిచ్చింది బీటిల్స్ వాళ్లే. అరవై ఏళ్ల పరిచయం, మూడున్నర నిమిషాల అల్లరి. సరదాగా ఉంటుంది, అంతే.

అసలు వంట 'స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్'. ఏడు నిమిషాల పైన. స్టీవీ వండర్ మీటల మీద, లేడీ గాగా జాగర్‌తో పాటు గొంతు కలిపింది. చర్చిలో పాడే కీర్తన ధోరణిలో నెమ్మదిగా మొదలై, ఇద్దరూ ఒకరిని ఒకరు పైకి పైకి ఎక్కిస్తారు. ఒక దగ్గర పాట అయిపోతుంది. నిజంగానే అయిపోయిందనుకుంటాం. స్టూడియోలో మనుషుల అలికిడి, ఎవరో మీట నొక్కుతారు, మళ్లీ అందుకుంటారు. భజనలో మంగళహారతి పాడబోతూ ఉండగా ఎవరో ఒకాయన ఇంకో చరణం ఎత్తుకుంటే, లేచినవాళ్లు మళ్లీ కూర్చుంటారే, అచ్చం అదే. ఆ రెండో ఎత్తుగడలో 80 ఏళ్ల గొంతు ఎక్కిన చోటికి నేను ముప్పై ఏళ్లప్పుడు కూడా ఎక్కలేను. సరే, గొంతు దగ్గర ఆగొద్దని మీకు చెప్పి నేనే ఆగిపోయాను.

కీత్ గిటార్ గురించి కూడా చెప్పాలి, గిటారిస్టుని కాబట్టి. ఆయన చాలా పాటలకి ఆరో తీగ, అంటే అన్నిటికంటే లావుదాన్ని, తీసేస్తాడు. మిగిలిన అయిదు తీగల్నీ జి, డి, జి, బి, డి అని శ్రుతి చేస్తాడు. దీన్ని ఓపెన్ జి అంటారు. ఏ వేలూ పెట్టకుండా మీటితేనే ఒక పూర్తి కార్డు, అంటే కలిసి పలికే స్వరాల గుంపు, మోగుతుంది, రెండు వేళ్లు వేస్తే రెండోది తయారు. 1960ల చివర్లో పట్టుకున్నాడు, వదల్లేదు. మాకు షాపులో ఈ రహస్యం తెలియక, మామూలు శ్రుతిలో ఆ పాటలు వాయించడానికి వేళ్లు మెలితిప్పుకుని ఏళ్లు వృథా చేశాం. ఎవరో విశాఖ నుంచి వచ్చిన నేవీ కుర్రాడు షాపులో కూర్చుని, తీగ పీకి చూపించాడు. ఆ రోజు నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లలేదు. ఇప్పుడు కీత్ వేళ్ల కీళ్లు బొడిపెలు కట్టాయి. కీళ్లవాతం వల్ల వాయించే తీరు మారిందని, అందులోనూ కొత్త దారి దొరుకుతోందని తనే చెప్పుకున్నాడు. ఈ ఆల్బమ్‌లో ఆయన మీటడం తక్కువ, వదిలెయ్యడం ఎక్కువ. రెండో గిటారిస్టు రోనీ వుడ్ ఆ ఖాళీలు నింపుతాడు. ఎడమ స్పీకర్‌లో ఒకరు, కుడిలో ఒకరు, నులక మంచం అల్లినట్టు. హెడ్‌ఫోన్లలో మాత్రమే తెలుస్తుంది, ఫోన్ స్పీకర్‌లో వింటే మొత్తం ముద్ద.

ఇక తిట్టాల్సింది తిట్టాలి. మిక్సింగ్ మరీ మెరుపు. అన్నీ ఒకే ఎత్తులో గట్టిగా నిలబడి ఉంటాయి, ఎక్కడా నీడ లేదు. 'యాంగ్రీ', 'హోల్ వైడ్ వరల్డ్' లాంటివి వింటుంటే కొత్తగా రంగులేసిన పాత మేడలా అనిపిస్తుంది. గోడ బాగుంది, ఇల్లు ఏ కాలంనాటిదో గుర్తుపట్టలేం. 1972 నాటి 'ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్' వింటే ఎవరు ఎక్కడ నిలబడి పాడుతున్నారో సరిగ్గా తెలియదు, గొంతు పొగలోంచి వస్తుంది. ఆ మురికి వీళ్ల ఆస్తి. వాట్ దాన్ని సర్ఫ్ పెట్టి ఉతికేశాడు. రెండు మూడు పాటల్లో మాటలు కూడా పాత జేబులోంచి తీసిన చిల్లరే.

ఆఖరి పాట దగ్గరికి వచ్చేసరికి ఈ కోపమంతా పోతుంది. పేరు 'రోలింగ్ స్టోన్ బ్లూస్'. 1950లో అమెరికా బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాడిన పాట, బ్యాండు తన పేరు తీసుకున్నది దాన్నించే. అరవై ఏళ్లుగా ఏ ఆల్బమ్‌లోనూ పెట్టలేదు. ఇప్పుడు పెట్టారు. డ్రమ్ములు లేవు. బేస్ లేదు. కీత్ గిటార్, జాగర్ గొంతు, మౌతార్గాన్. 1961 అక్టోబర్‌లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు చూసి కీత్ పలకరించాడు. చిన్నప్పుడు ఒకే స్కూలు, మళ్లీ కలిసింది అక్కడ. అప్పటికి ఇంకా చార్లీ లేడు, బిల్ లేడు, పీటే లేదు. ఆల్బమ్ అంతా ఆ పీట మీద ఎవరు అని నడిచి, చివరికి పీట పుట్టకముందటి రోజుకి వెళ్లి ఆగుతుంది. వాళ్లు ఇదంతా ఆలోచించి చేశారని నేను అనను. వినేవాడికి మాత్రం అలా తగులుతుంది.

మిగతా బ్యాండ్లు ఇదే చిక్కుని ఎలా విప్పుకున్నాయో చూస్తే వీళ్ల పని విలువ తెలుస్తుంది. 1978లో డ్రమ్మర్ కీత్ మూన్ పోతే ది హూ బ్యాండు వాళ్లు వేరొకర్ని పెట్టుకుని కొనసాగారు, పాత తిక్క మళ్లీ రాలేదు. 1980లో డ్రమ్మర్ జాన్ బోనమ్ పోయాక లెడ్ జెప్పెలిన్ దుకాణం కట్టేసింది, అదీ ఒక మర్యాదే. బ్లాక్ సాబత్ 2013లో '13' అనే ఆల్బమ్‌తో తిరిగి వచ్చినప్పుడు వాళ్ల డ్రమ్మర్ బిల్ వార్డ్ బతికే ఉన్నాడు, ఒప్పందం కుదరక రాలేదు. బ్రాడ్ విల్క్ వాయించాడు. ఆల్బమ్ అమెరికాలో నంబర్ వన్ అయింది, టోనీ అయోమీ క్యాన్సర్ చికిత్స తీసుకుంటూ గిటార్ వాయించాడు, అన్నీ మెచ్చుకోవాల్సినవే. కానీ వార్డ్ దగ్గర ఉండే జాజ్ ఊపు లేదు, పాటలు బరువుగా నడుస్తాయి, ఎగరవు. ఏసీ/డీసీ వాళ్లది ఇంకో దారి. 2017లో మాల్కం యంగ్ పోయాడు, 2020లో వచ్చిన 'పవర్ అప్'కి తమ్ముడు ఆంగస్ ఇద్దరూ కలిసి దాచుకున్న పాత బాణీలే తీశాడు. అక్కడ ఖాళీ అయింది రిథమ్ గిటార్ పీట, కూర్చున్నది అన్న కొడుకు వరసయ్యే స్టీవీ యంగ్. ఇంట్లో మనిషి కాబట్టి అతుకు కనబడదు. అది కూడా వినండి, వంట మారలేదు, రుచి మారలేదు.

పేరు అమ్ముకుంటున్నారా అన్న మాటకి: అమ్ముకుంటున్నారు. ఎప్పుడు అమ్ముకోలేదు గనక? 2003 ఏప్రిల్‌లో బెంగళూరు, ముంబయి వచ్చి వాయించినప్పుడూ టికెట్లు ఊరికే ఇవ్వలేదు. ఆ బెంగళూరు కచేరీకి వెళ్దామని నేనూ మాస్టారూ డబ్బులు కూడా పోగేసుకున్నాం. అదే వారం పార్వతీపురం దగ్గర అమ్మవారి పండగ ప్రోగ్రాంకి అడ్వాన్సు తీసేసుకున్నాం. అడ్వాన్సు తిరిగి ఇచ్చేద్దామంటే అప్పటికే మాస్టారు దాంతో ఇంటికి సిమెంటు కొనేశాడు. పేరు అమ్ముకునేవాడు సరుకు బాగోలేకపోయినా అమ్మగలిగినప్పుడు, బాగుండేలా కష్టపడ్డాడా లేదా అన్నదే నేను చూస్తాను. ఇక్కడ పడ్డారు.

ఎక్కడ మొదలుపెట్టాలి? నాన్నగారి క్యాసెట్లలో ఏవి ఉన్నాయో మీరు రాయలేదు. 1968లో 'బెగ్గర్స్ బ్యాంకెట్' నుంచి 1972లో 'ఎగ్జైల్' దాకా వచ్చిన నాలుగింటిలో ఏదున్నా దాంతోనే మొదలుపెట్టండి. 1981 నాటి 'టాటూ యూ' అయితే ఇంకా తమాషా, అందులో చాలా పాటలు అంతకుముందు ఏళ్లలో చేసి వదిలేసిన టేపుల్లోంచి ఏరి పూర్తి చేసినవి, పాత సరుకుతో కొత్త ఆల్బమ్ చెయ్యడం వీళ్లకి అప్పటికే అలవాటు. ఒక పాత ఆల్బమ్ పూర్తిగా రెండుసార్లు విన్నాక హ్యాక్నీ డైమండ్స్‌కి రండి. నేరుగా కొత్తదానికి వెళితే చార్లీ లేని లోటు మీకు తెలియదు.

క్యాసెట్లు నేరుగా డెక్‌లో పెట్టెయ్యకండి. ముందు కిటికీ దగ్గర వెలుతుర్లో పట్టుకుని టేపు చుట్ట అంచు చూడండి. తెల్లగా పిండి చల్లినట్టు ఉంటే బూజు, మన తేమకి తప్పదు. అది అలాగే ఆడిస్తే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. బూజు లేకపోతే టేపు కింద చిన్న స్పాంజి ముక్క లాంటిది ఉందో లేదో చూడండి. జిగురు ఎండి అది ఊడిపోతే టేపు హెడ్‌కి ఆనదు, పాట గోడ అవతలి నుంచి విన్నట్టు వస్తుంది. రెండూ బాగుంటే ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ కొట్టి, మళ్లీ మొదటికి తిప్పి, అప్పుడు ప్లే నొక్కండి. పాట మొదలవడానికి కొద్ది సెకన్ల ముందు అదే పాట సన్నగా, చాలా దూరం నుంచి వినిపించవచ్చు. కంగారు పడకండి, ఏళ్ల తరబడి చుట్ట కదలకుండా ఉంటే ఒక పొర మీది శబ్దం పక్క పొరకి అచ్చు పడుతుంది.

లేబుల్ మీద పాటల పేర్లు ఎర్ర సిరాతో, వంకర ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటే ఒక ఫోటో తీసి పెట్టండి. మూడు లాంతర్ల దగ్గర షాపు పెట్టిన కొత్తలో నల్ల పెన్ను పోయి, ఉన్నదాంతో ఏడాది నడిపించాను.